ఎడమ నుంచి కుడికి

ఫొటో పిన్ని రోజూ పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తి, లైట్ల మీద దుమ్ము దులిపి, వెనక తెరని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా లాగి కడుతుంది. ఫొటో దిగడానికి వచ్చేది ఇద్దరే అయినా నలుగురికి సరిపోయేంత తెర ఉండాలి. ఆవిడ తీసే ఫొటోల్లో మనుషులు ఎక్కువొస్తారు మరి. కెమెరా ముందు కూర్చున్నవాళ్ళు ఎవరి మీద బెంగ పెట్టుకున్నారో వాళ్ళు, ఆ క్షణాన ఎక్కడ ఏ పనిలో ఉంటే ఆ పనితో సహా వచ్చి పక్కన నిలబడతారు. సగం గడ్డం గీసుకున్న అన్నయ్యలు, గరిటె పట్టుకున్న అత్తయ్యలు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న బాబాయిలు, అందరూ అలా వచ్చినవాళ్ళే. అప్పుడు వాళ్ళు ఎవరి చెయ్యి పట్టుకుని ఉంటే ఆ మనిషి కూడా వెంట వచ్చేస్తారు. చనిపోయినవాళ్ళు మాత్రం రారు. వాళ్ళని కూడా రప్పించమని ఎవరైనా బతిమాలితే, తనది చిన్న స్టూడియో అని, అంతమందిని ఎక్కడ నిలబెట్టేదని పిన్ని అంటుంది.

ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. పేచీలన్నీ వేరే. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది మళ్ళీ తియ్యమంటారు. రెండోసారి తీస్తే ఇంకొంతమంది గుర్తొస్తారు, ఆ తర్వాత నన్ననొద్దు అని పిన్ని ముందే చెబుతుంది. ఇంట్లోవాళ్ళతో మాటలు మానేసినవాళ్ళు, చెప్పుకోలేని గుట్టు ఉన్నవాళ్ళు పక్క ఊరికి పోయి ఫొటో దిగి వస్తారు. రోడ్డుకి అవతల కౌన్సిల్ హాలు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పెద్దమనుషులు కూడా పక్క ఊరి ఫొటోగ్రాఫర్‌నే పిలిపించుకుంటున్నారంటే అర్థం చేసుకోవచ్చు.

ఆ సోమవారం స్టూడియోకి మొదటి బేరం స్పానర్, లెక్కల టీచరు. స్పానర్ బస్సు డిపోలో మెకానిక్. ఊళ్ళో ఏ బస్సు దగ్గినా తుమ్మినా వినగానే రోగం చెప్పేస్తుంది. ఆమె అసలు పేరు డిపో హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. లెక్కల టీచరు హైస్కూల్లో పనిచేస్తుంది. ఏడేళ్ళుగా ఇద్దరూ సైకిల్ షాపు మీద గదుల్లో కాపురం ఉంటున్నారు. టీచరుకి ఇప్పుడు నెలలు నిండాయి. కుర్చీలో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం రెండెత్తులు అవుతోంది.

వాళ్ళకి కావలసింది కుటుంబ నమోదు దరఖాస్తుకి ఫొటో. ఆడైనా మగైనా కలిసి కాపురం చేసే ఏ ఇద్దరినైనా ఒక కుటుంబంగా రాయాలని, ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకి తల్లిదండ్రుల చోట ఇద్దరి పేర్లూ పెట్టాలని వాళ్ళలాంటి జంటల సంఘం నాలుగేళ్ళుగా కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించారు. ప్రతి నెలా మొదటి సోమవారం కౌన్సిల్ మెట్ల మీద కూర్చున్నారు. మొదట్లో తలుపులేసుకున్న ఇళ్ళవాళ్ళే ఇప్పుడు మెట్ల మీదకి టీ పంపిస్తున్నారు. చివరికి తీర్మానం శుక్రవారం ఓటుకి వస్తోంది. అదే ఈ కౌన్సిల్‌కి ఆఖరి సమావేశం. గట్టెక్కితే ఆ రోజు నుంచే అమలు. లేదంటే కొత్త కౌన్సిల్ వచ్చి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. టీచరు కడుపులో ఉన్న బిడ్డ అంతకాలం ఆగదు కదా. ఈలోగా పుడితే కాగితం మీద స్పానర్ ఆ బిడ్డకి ఎవరూ కాదు. సంఘంలో ఒకావిడ తొమ్మిదేళ్ళు పెంచిన పిల్లని, కన్నతల్లి పోయిన వారానికే ఎవరో దూరపు మేనమామ వచ్చి తీసుకుపోయాడు. కాగితాలు చూపించమంటే ఆవిడ దగ్గర పిల్ల పాత చెప్పులు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి తలుచుకున్న రోజు స్పానర్‌కి అన్నం సహించదు.

పిన్ని ఫొటో తీసి, ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరి మధ్యా మూడో మనిషి ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోయి, మేకుల పొట్లం కడుతూ వంగి ఉన్నాడు. చొక్కాకి రెండో గుండీ లేదు.

"సన్నబడ్డాడు" అంది స్పానర్.

"దరఖాస్తుకి ఇద్దరే ఉండాలటగా" అని టీచరు మెల్లగా గుర్తుచేసింది.

దరఖాస్తుకి పక్క ఊళ్ళో దిగుదాం, ఇది మాత్రం నాకే కావాలి అని స్పానర్ ఆ ఫొటోని చొక్కా జేబులో పెట్టేసుకుంది. పిన్ని అటు తిరిగి, శుభ్రంగానే ఉన్న లెన్సుని మళ్ళీ తుడిచింది.

ఆ మూడో మనిషి స్పానర్ వాళ్ళ నాన్న. బజారులో ఇనప సామాను కొట్టు ఆయనది. ఊరంతా మేకులాయన అంటారు. ఏడేళ్ళ కిందట కూతురు తన మనసులో మాట చెప్పినప్పుడు, ఆ పిల్లతోనే ఉంటానంటే ఇక నా ఇంటికి రావద్దు అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. ఇద్దరిదీ ఒకటే మొండితనం కాబట్టి ఆయన పిలవలేదు, ఆమె రాలేదు. భార్య అంతకు ముందే పోయింది. మధ్యలో సర్ది చెప్పేవాళ్ళు లేకపోయారు. పిల్లలెందరని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే మేకులాయన మేకుల సైజు అడిగి మాట మార్చేసేవాడు. రెండేళ్ళ కిందట మురుగు కాలవలు బాగుచేయిస్తానని చెప్పి కౌన్సిల్‌కి నెగ్గాడు, చేయించాడు కూడా. మాట మీద నిలబడే మనిషని పేరు. ఆ పేరే ఇప్పుడు అందరికీ దడ పుట్టిస్తోంది.

కౌన్సిల్లో పదకొండు మంది. ఐదుగురు తీర్మానానికి ఔనన్నారు, ఐదుగురు కాదన్నారు. మిగిలింది ఒక్కడు. ఆ ఒక్కడూ ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. స్పానర్ ముందు మాత్రం ఆ లెక్క ఎవరూ వేయరు. సంఘంవాళ్ళు కొట్టుకి వెళ్తే మేకులాయన స్టూళ్ళు వేయించి, మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విని పంపించేశాడు. ఔననలేదు, కాదనలేదు. బుధవారం పిన్ని కూడా తెర కొక్కేలు కొనే వంకతో వెళ్ళింది.

"అన్నయ్యా, అమ్మాయి మొన్న ఫొటో దిగింది. మీరూ వచ్చారు అందులో."

మేకులాయన తక్కెడలో మేకులు పోస్తూ ఆగిపోయాడు. తర్వాత మళ్ళీ పోశాడు. "నాకు పిలుపు రాలేదు చెల్లెమ్మా" అన్నాడు. పిన్ని కొక్కేలు తీసుకుని వచ్చేసింది. దార్లో ఆవిడకి ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

శుక్రవారం పదిగంటలకల్లా కౌన్సిల్ ముందు చౌక్ నిండిపోయింది. వస్తారనుకున్నది మూడొందల మంది, వచ్చింది ఎంతమందో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. దర్జీలు రెండు వీధుల వెడల్పు బ్యానర్ కుట్టి తెచ్చారు. హైస్కూలు బ్యాండు మేళం వాళ్ళ లెక్కల టీచరు కోసం వచ్చింది. వాళ్ళకి రెండే పాటలు వచ్చు, ఆ రెండే మార్చి మార్చి వాయించారు. జోళ్ళు కుట్టే ఇద్దరు ముసలాళ్ళు నలభై ఏళ్ళుగా ఒకే గదిలో ఉంటూ అన్నదమ్ములమని చెప్పుకుంటున్నారు. వాళ్ళు ఆ రోజు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ముందు వరసలో నడిచారు. చూసినవాళ్ళకి పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు, అన్నదమ్ములంటే నమ్మడానికి వాళ్ళిద్దరి ముక్కు తీరు ఏనాడూ కలవలేదు మరి. అందరి నోటా ఒకటే నినాదం, "ఇద్దరి పేర్లూ రాయండి." లెక్కల టీచరు తన అట్ట మీద ఒకటీ ఒకటీ రెండు అని పెద్ద అంకెల్లో రాసుకొచ్చింది. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం తనవల్ల కాదంది.

డిపోవాళ్ళంతా ఊరేగింపులోనే ఉండడంతో బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వాటిలో పక్క ఊరినుంచి వచ్చే బస్సు కూడా ఉంది. అందులో కౌన్సిల్ ఫొటోగ్రాఫర్ ఉన్నాడు.

దీంతో కౌన్సిల్ సెక్రటరీకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కౌన్సిల్‌కి ఒక ఆచారం ఉంది. వెనకటికి ఎవరో సభ్యుడు తన ముగ్గురు బావమరుదుల్ని ఖాళీ కుర్చీల్లో కూర్చోబెట్టి తీర్మానం నెగ్గించుకున్నాడట. అప్పటినుంచీ ఆఖరి సమావేశంలో ఓటింగుకి ముందు అందరూ గ్రూప్ ఫొటో దిగాలి. దాన్ని మినిట్స్ పుస్తకంలో అతికించి, ఫొటోలో ఉన్న ప్రతి మనిషి పేరూ, ఎవరి తాలూకు అన్నదీ ఎడమ నుంచి కుడికి వరసగా రాసి, చదివి వినిపించి, సంతకాలు పెట్టాలి. అది కాకుండా పడిన ఓటు చెల్లదు. సెక్రటరీ చెట్టంత మనిషి, రాసేది చీమలంత అక్షరాలు. నియమం తప్పాడన్న మాట పడలేదు ఇంతవరకు. గడియారం చూశాడు, కిటికీలోంచి జనాన్ని చూశాడు, రోడ్డు దాటి వచ్చి పిన్నిని పిలుచుకుపోయాడు.

పిన్నిని చూడగానే సభ్యుల ముఖాలు మాడిపోయాయి. అలాగని ఎవరూ వద్దనలేదు. వద్దన్నవాడి ఇంట్లో ఏదో ఉందని మిగతా పదిమందికీ తెలిసిపోతుంది కదా. అందరూ చొక్కాలు సర్దుకుని, జుట్టు దువ్వుకుని రెండు వరసల్లో నిలబడ్డారు. మేకులాయన వెనక వరసలో, కిటికీ పక్కన. బయటినుంచి బ్యాండు మేళం వినపడుతోంది.

అరగంటలో ప్రింటు వచ్చింది. దిగింది పదకొండు మంది, ఫొటోలో ముప్ఫైమంది ఉన్నారు.

కౌన్సిల్ నియమాల కమిటీ పెద్ద పక్కన ఓడలో పనిచేసే ఆయన తమ్ముడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఒకాయన వెనక విడిపోయిన భార్య నిలబడి, ఇంతకాలానికా అన్నట్టు ఆయన వంక చూస్తోంది. ఇంకొకాయనకి ఇద్దరు కొడుకులూ, వాళ్ళ కుక్కా వచ్చారు. కౌన్సిల్ అధ్యక్షురాలి భుజం పక్కన నెరిసిన జుట్టుతో ఒకావిడ పుస్తకం చదువుకుంటూ నవ్వుతోంది. చిన్నప్పటి స్నేహితురాలు అని రాయించి అధ్యక్షురాలు చాలాసేపు ఆ ఫొటో వంకే చూస్తూ ఉండిపోయింది.

తీర్మానం వద్దంటున్న ఒక సభ్యుడు మళ్ళీ తీయిద్దామన్నాడు. మళ్ళీ తీస్తే హాలు సరిపోదని పిన్ని అంది. పోనీ అంచులు కత్తిరిద్దామని ఇంకొకడన్నాడు. కత్తిరించిన ఫొటో చెల్లదని సెక్రటరీ నియమం సంఖ్యతో సహా చెప్పాడు. చేసేది లేక ఒక్కొక్కరే తమ తాలూకు మనుషుల పేర్లు చెప్పుకుంటూ వచ్చారు. మొదట గొణిగారు. తర్వాత గొంతులు లేచాయి. తమ్ముడు ఏ ఓడలో ఉన్నాడో, కొడుకులేం చదివారో అడగనివి కూడా చెప్పడం మొదలుపెట్టారు. కుక్క పేరు రాయాలా వద్దా అన్నదాని మీద పది నిమిషాలు పోయాయి. రాశారు.

"వెనక వరస, ఎడమ నుంచి ఎనిమిది. నీలం చొక్కా, చేతికి గ్రీజు" అన్నాడు సెక్రటరీ. "ఎవరి తాలూకు?"

ఊళ్ళో బస్సెక్కిన ప్రతివాడికీ ఆమె తెలుసు. అధ్యక్షురాలు తల దించుకుని కాగితాలు సర్దుకుంది. మేకులాయన కళ్ళజోడు పైకి తోసుకుని ఫొటోని తన వైపు జరుపుకున్నాడు. కూతురు నోరు పెద్దగా తెరిచి ఏదో నినాదం ఇస్తోంది. ఏడేళ్ళలో నుదుటి మీద ఒక గీత వచ్చింది, అచ్చం వాళ్ళమ్మకి వచ్చిన చోటే. ఒక చెయ్యి గాల్లో ఉంది. రెండో చెయ్యి ఇంకో అమ్మాయి చేతిలో ఉంది. ఆ అమ్మాయి నిండు గర్భిణి. ఆయనకి ఆ సంగతి తెలియదు. ఊరందరికీ తెలిసిన విషయాన్ని ఆయన చెవిన వేసే ధైర్యం ఒక్కరూ చేయలేదు.

మేకులాయన ఆ కడుపు వంక చూస్తూ ఉండిపోయాడు. ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకున్నదేదో లోపల వదులైపోయింది.

"నా తాలూకే" అన్నాడు. "మా అమ్మాయి." గొంతు సవరించుకుని ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పాడు. సెక్రటరీ రాసుకున్నాడు.

"పక్కన చెయ్యి పట్టుకున్నావిడ?"

"హైస్కూల్లో లెక్కలు చెబుతుంది."

"ఉద్యోగం కాదండీ. మీకేమవుతుందో రాయాలి."

మేకులాయన ఆలోచనలో పడ్డాడు. హాలంతా ఆయనతోపాటు ఆలోచనలో పడింది. కూతురు కట్టుకున్న మనిషి కాబట్టి అల్లుడనాలని ఒకాయన అన్నాడు. చీర కట్టుకున్న మనిషిని పట్టుకుని అల్లుడేమిటని పక్కాయన మందలించాడు.

"కోడలని రాయండి" అన్నాడు మేకులాయన.

తీర్మానం వద్దంటున్న సభ్యుడు అందుకున్నాడు. "కోడలంటే ఇంటికి రావాలి కదండీ. ఆవిడ మీ ఇంటి మొహమైనా చూసిందా?"

"చూడలేదు. నేను రానివ్వలేదు. తప్పు నాది. అది కూడా రాసుకోండి."

సెక్రటరీ కలం పట్టుకుని వెతికాడు. "అది రాయడానికి ఇందులో చోటు లేదండీ" అన్నాడు, మొదటిసారి నియమం మీద కాస్త చిన్నబుచ్చుకున్నట్టుగా. తర్వాత మొత్తం మొదటినుంచి చదివి వినిపించాడు. తమ్ముళ్ళు, మాజీ భార్య, కొడుకులు, కుక్క, స్నేహితురాలు, కూతురు, కోడలు. అభ్యంతరాలున్నాయా అని అధ్యక్షురాలు అడిగింది. కాసేపటి కిందట తమ్ముడి గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నవాడు పక్కవాడి కోడలికి అభ్యంతరం ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు. పదకొండు సంతకాలూ పడ్డాయి.

అప్పుడు తీర్మానం ఓటుకి పెట్టారు. ముందుగా లేచిన చెయ్యి మేకులాయనది. తర్వాత, అంతవరకూ కాదంటూ వచ్చిన ఓడ తమ్ముడి అన్నయ్యది. అధ్యక్షురాలు సంఘానికి మొదటినుంచీ అనుకూలమే అయినా ఆ రోజు చెయ్యి కొంచెం ఎక్కువ ఎత్తింది. ఆరు చాలు, ఎనిమిది లేచాయి.

మాట చౌక్‌లోకి వెళ్ళేలోపే అరుపులు మొదలయ్యాయి. బ్యాండు మేళం రెండు పాటలూ ఒకేసారి వాయించేసింది. జోళ్ళు కుట్టే ముసలాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని ఏడ్చారు, నవ్వారు, దర్జీల బ్యానరుతో ముక్కులు తుడుచుకున్నారు. దర్జీలే ఇంకో కొస అందించారు.

ఆ సందడిలో మేకులాయన మెట్లు దిగి వచ్చాడు. రెండు చేతులతో తన కౌన్సిల్ కుర్చీని ఎత్తుకుని తెస్తున్నాడు. జనం దారి ఇచ్చారు. కుర్చీని తిన్నగా లెక్కల టీచరు ముందు దింపాడు.

"కూర్చో తల్లీ. ఈ నెలల్లో ఇంతసేపు నిలబడతారా ఎవరైనా" అన్నాడు. కూతురి వైపు చూసే ధైర్యం ఇంకా రాలేదు.

"నన్ను హాల్లోకి రప్పించుకున్నావంట" అంది స్పానర్.

"బెంగ పెట్టుకున్నానంట. ఫొటో పిన్ని అంటోంది."

"మరి నీకు తెలియదా?"

"తెలుసు" అన్నాడు. స్పానర్ ఆయన చొక్కా పట్టుకుని దగ్గరకి లాక్కుంది. గుండీ లేని చోట గ్రీజు మరక పడింది. కుర్చీలో కూర్చున్న టీచరు, వీళ్ళిద్దరినీ ఇలాగే వదిలేస్తే సాయంత్రం దాకా ఏడుస్తారని గ్రహించి, ఆకలేస్తోందని చెప్పింది.

పదహారో రోజున మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. స్పానర్ ప్రసూతి గదిలోనే ఉంది. మీరు బయటికి వెళ్ళండని ఎవరూ అనలేదు. తర్వాతి వారం జనన నమోదు ఆఫీసుకి నలుగురూ వెళ్ళారు, పసిపిల్లతో కలిపి. స్పానర్ ముందురోజునుంచీ సబ్బుతో చేతులు తోముకుంటూనే ఉంది. అయినా సంతకం పక్కన బొటనవేలి గ్రీజు పడనే పడింది. ఇంకో కాగితం ఇస్తానని క్లర్కు అన్నాడు. వద్దు, అదీ ఉండనీండి అని టీచరు అంది. తల్లి అన్న చోట ఒక పేరు, దాని పక్కనే తల్లి అని ఇంకో పేరు. స్పానర్ దాన్ని చదివి, పిల్లకి చదివి వినిపించి, మళ్ళీ తను చదువుకుంది.

సాక్షి కావాలన్నారు. మేకులాయన వంగి సంతకం చేశాడు. సాక్షి ఏమవుతాడో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ వెతికి, మార్జిన్‌లో ఖాళీ చూసుకుని, 'తాత' అని పెద్ద అక్షరాలతో రాశాడు.

"గడి బయట రాయకూడదండీ" అన్నాడు క్లర్కు.

"బయటే ఉండనీ నాయనా. వచ్చేపోయేవాళ్ళకి కూడా కనపడుతుంది."

క్లర్కు ఆయన్ని చూశాడు, పిల్లని చూశాడు. ముద్ర తీసుకుని, సరిగ్గా ఆ మాట మీదే పడేలా కొట్టాడు.